పార్లమెంటులో బిల్లు ఎక్కడుందో తెలుసుకోవడం, కమిటీకి మన మాట పంపడం ఎలా?

2025 ఆగస్టు నెల మధ్యలో బీసెంట్ రోడ్డు షాపు ఓనరు ఒకాయన విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసుకి వచ్చారు. "సార్, కొత్త ఇన్‌కం టాక్స్ బిల్లు వెనక్కి తీసేసుకున్నారట. ఇంక పాత చట్టమేగా, టెన్షన్ లేదుగా?" అన్నారు. ఆయన విన్నది సగమే. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెట్టిన బిల్లును ఆగస్టు 8న వెనక్కి తీసుకున్నది నిజం. కానీ ఆ బిల్లును పరిశీలించడానికి ఎంపీలతో వేసిన సెలెక్ట్ కమిటీ చేసిన 285 సూచనల్లో చాలావాటిని కలుపుకుని, 11న "నెంబర్ 2" అని కొత్త బిల్లు పెట్టారు. అదే రోజు లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ ఆమోదించేశాయి. 21న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆయన మా ఆఫీసులో కూర్చుని ఆ మాట అడిగే వేళకే బిల్లు రెండు సభలూ దాటిపోయింది.

ఆటోనగర్ లారీ ఓనర్లు, గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తెచ్చే రైతులు, వన్‌టౌన్ వ్యాపారులు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఇదే. బిల్లు ఎక్కడి దాకా వచ్చింది? మన మాట చెప్పుకునే దారి ఉందా? ఉంది. కాకపోతే ఆ తలుపు పదిహేను రోజులో నెల రోజులో తెరిచి ఉంటుంది. ఆ రోజులు ఎప్పుడొస్తాయో కనిపెట్టడం, వచ్చినప్పుడు పనికొచ్చే కాగితం పంపడం, ఈ రెండూ మీకు చేతనైతే చాలు. అందుకే ఈ వివరమంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- నెట్ ఉన్న ఫోను. చదవడానికి కంప్యూటరైతే మేలు.
- బిల్లు పూర్తి పేరు, నెంబరు, సంవత్సరం. "ఆ విత్తనాల బిల్లు" అంటే వెతకడం కష్టం.
- తేదీలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం.
- ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ శుభ్రంగా ఒకటిన్నర పేజీ రాసిపెట్టగల మనిషి. కమిటీలు మామూలుగా ఈ రెండు భాషల్లోనే అభిప్రాయాలు అడుగుతాయి. మన రైతు తెలుగులో చెప్పుకునే వీలుండాలని నాకూ ఉంది. అయినా ప్రకటనలో ఉన్న షరతు పాటించకపోతే మన కాగితమే పక్కన పడిపోతుంది.

వెబ్‌సైట్లు మూడు చాలు. పార్లమెంటు సొంత సైటు సన్సద్ డాట్ ఇన్‌లో బిల్లులు, కమిటీ నివేదికలు, చర్చలు ఉంటాయి. ఈగెజిట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో గెజిట్లు, అంటే ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రాలు ఉంటాయి. చట్టసభల పని మీద పరిశోధన చేసే స్వతంత్ర సంస్థ పీఆర్‌ఎస్ ఇండియా సైటులో బిల్లు ఏ మెట్టు మీద ఉందో ఒకే పేజీలో తేదీలతో కనిపిస్తుంది. మొదటిసారి వెతికేవాళ్లు పీఆర్‌ఎస్‌తో మొదలుపెట్టి, దొరికిన తేదీని సన్సద్ సైటులో సరిచూసుకోండి.

1. అది నిజంగా బిల్లేనా, ముసాయిదానా?

పేపర్లో "బిల్లు" అని పడితే అది నాలుగింటిలో ఏదైనా కావచ్చు. మంత్రిత్వ శాఖ అభిప్రాయాల కోసం బయటపెట్టిన ముసాయిదా, సభలో ప్రవేశపెట్టిన బిల్లు, ఒక సభ దాటిన బిల్లు, రెండు సభలూ దాటి రాష్ట్రపతి ఆమోదం కోసం ఆగినది.

గుర్తుపట్టడం సులువే. ముసాయిదాకి బిల్లు నెంబరు ఉండదు. లోక్‌సభలో పెట్టినదానికి మామూలు అంకెల్లో నెంబరు ఉంటుంది, రాజ్యసభలో పెట్టినదానికి రోమన్ అంకెల్లో ఉంటుంది. ప్రవేశపెట్టిన ప్రతి, ఒక సభ ఆమోదించిన ప్రతి, రెండు సభలూ ఆమోదించిన ప్రతి సైటులో వేరువేరుగా ఉంటాయి. మీరు చదివేది ఏ ప్రతో మొదటి పేజీలోనే చూసుకోండి.

ముసాయిదా దశను తక్కువగా చూడకండి. చట్టం తేవాలనుకున్న శాఖ ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. అన్నిసార్లూ అలా జరగదు. జరిగినప్పుడు మాత్రం మార్పు తేవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. 1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2004లోనే బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2025 నవంబరులో వ్యవసాయ శాఖ మళ్లీ ముసాయిదా విత్తన బిల్లు విడుదల చేసి, డిసెంబరు 11 దాకా అభిప్రాయాలు అడిగింది. నకిలీ విత్తనంతో మునిగిన మిర్చి రైతు మన జిల్లాలో ఊరికొకరు ఉంటారు. ఆ గడువు సంగతి వాళ్లలో ఎంతమందికి చేరిందో మీరే ఆలోచించండి.

2. ఇది ఢిల్లీ పనా, వెలగపూడి పనా?

ఇది త్వరగా తేలిపోతుంది. ఏ విషయం మీద ఎవరు చట్టం చేయాలో చెప్పే కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉన్నాయి. బిల్లు మీద పార్లమెంటు పేరుంటే ఢిల్లీ, శాసనసభ పేరుంటే వెలగపూడి. ఎమ్మెల్యేకి ఇచ్చిన వినతిపత్రం పార్లమెంటు కమిటీకి దానంతట అది వెళ్లదు.

3. బిల్లు చదివే వరుస

బిల్లులో నెంబరు వేసిన ఒక్కో నిబంధనను క్లాజు అంటారు. మొదటి క్లాజు నుంచి చదువుతూ పోతే మూడో పేజీలో ఓపిక పోతుంది. ముందు చివర్లో ఉండే "ఉద్దేశాలు, కారణాల ప్రకటన" చదవండి. మంత్రి సంతకంతో ఒకటి రెండు పేజీలు ఉంటుంది, బిల్లు ఎందుకో అక్కడ తెలుస్తుంది. తర్వాత క్లాజు 1 చూడండి. ఎప్పటి నుంచి అమలో సాధారణంగా అందులోనే ఉంటుంది. ఆపైన నిర్వచనాలు. "రైతు", "డీలరు", "వాహన యజమాని" అనే మాటలకి బిల్లు ఇచ్చిన అర్థం మనం అనుకునే అర్థం ఒకటి కాకపోవచ్చు. సగం గొడవలు అక్కడే పుడతాయి. ఆ తర్వాత మీకు సంబంధించిన క్లాజులు చదవండి.

ఇంకొకటి వదలకుండా చూడాలి. నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఎక్కడెక్కడ ఇచ్చారో చెప్పే మెమొరాండం బిల్లు చివర ఉంటుంది. క్లాజులో "నిర్దేశించిన విధంగా" అని కనిపిస్తే అసలు వివరం బిల్లులో లేదని, తర్వాత వచ్చే రూల్స్‌లో ఉంటుందని అర్థం. ఫీజు ఎంత, ఫారం ఏది, గడువెంత అన్నవి ఎక్కువగా అలాగే పోతాయి.

సవరణ బిల్లయితే ఒక్కదాన్నే చదివితే ఏమీ అర్థం కాదు. "సెక్షన్ ఫలానాలో ఈ మాట బదులు ఆ మాట" అని ఉంటుందంతే. పాత చట్టంలోని ఆ సెక్షన్లను బిల్లు వెనక అనుబంధంగా ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, పాత వాక్యంలో కొత్త మాట పెన్సిల్‌తో రాసుకుని చదవండి.

4. కమిటీకి వెళ్లిందా? ఏ కమిటీకి?

ప్రతి బిల్లూ కమిటీకి వెళ్లాలన్న నిబంధన లేదు. పీఆర్‌ఎస్ లెక్కల్లో 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతమే. మనలాంటివాళ్లు మాట చెప్పుకునే చోటు అంతగా తగ్గిపోయింది. నాకు బాధ కలిగించే విషయమిది. వెళ్లిన ఆ కొద్ది బిల్లులనైనా వదులుకోకూడదు.

వెళ్తే మూడు చోట్లలో ఒకచోటికి వెళ్తుంది. మొదటిది శాఖలవారీ స్టాండింగ్ కమిటీ, మన పేపర్లలో స్థాయీ సంఘం అంటారు. ఇవి 24 ఉన్నాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. రెండోది ఒకే సభ సభ్యులతో ఆ బిల్లు కోసమే వేసే సెలెక్ట్ కమిటీ. మూడోది రెండు సభల వాళ్లుండే సంయుక్త కమిటీ, అదే జేపీసీ. పని అయిపోగానే చివరి రెండూ రద్దవుతాయి.

సరిచూసుకోవడం ఇలా: పీఆర్‌ఎస్ పేజీలో కమిటీ పేరు పట్టుకోండి. సన్సద్ సైటులో ఆ కమిటీ పేజీ తెరిచి ప్రకటనలు, సభ్యుల జాబితా చూడండి. అభిప్రాయాలు కోరే ప్రకటన పెద్ద పేపర్లలో కూడా వస్తుంది. చాలాసార్లు గడువు ప్రకటన వచ్చిన నాటి నుంచి 15 రోజులే. ప్రకటన కనిపించిన రోజే చివరి తేదీని నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకోండి. ఒకసారి నేను "ఇంకా టైముందిలే" అనుకుని, మనవాళ్ల కాగితం గడువు రెండు రోజులు దాటాక పంపాను. నెల రోజుల వాళ్ల కష్టం వృథా పోయింది. వాళ్ల ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి చివరి తేదీకి అయిదు రోజుల ముందే పోస్టులో వేయిస్తున్నాను.

5. మెమొరాండం (కమిటీకి పంపే మన అభిప్రాయ పత్రం) రాయడం

అసలు పని ఇదే, ఎక్కువమంది పొరపాటు చేసేదీ ఇక్కడే.

ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు ఆరు పేజీలు రాసి తెచ్చారు. విత్తనం ఎక్కడ కొన్నారు, ఎన్ని ఎకరాలు వేశారు, కాపు ఎలా పోయింది, బ్యాంకు వాళ్లేమన్నారు, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ ఆరు పేజీల్లో ఒక్క క్లాజు నెంబరు లేదు. ఆ కాగితం చదివే అధికారి ముందు బిల్లు క్లాజుల వారీగా ఉంటుంది. వచ్చిన అభిప్రాయాలను ఏ క్లాజు కింద వచ్చినవి ఆ క్లాజు కింద చేర్చుకుంటూ పోతాడు. నెంబరు లేని బాధను ఎక్కడ చేర్చాలి?

ఇద్దరం కూర్చుని దాన్ని ఒకటిన్నర పేజీ చేశాం. ఆ పద్ధతి ఇది:

మొదటి పేరా: మీరెవరు, ఎన్నేళ్లుగా ఏం చేస్తున్నారు, ఈ బిల్లు మీ మీద ఎలా పడుతుంది. మూడు వాక్యాలు మించొద్దు.

తర్వాత ఒక్కో క్లాజుకి నాలుగు ముక్కలు. క్లాజు నెంబరు, అందులో ఇప్పుడున్న వాక్యం, దానితో వచ్చే ఇబ్బంది, మీరు కోరే కొత్త వాక్యం. ఈ నాలుగోది చాలామంది రాయరు. "రైతుకు న్యాయం జరిగేలా చూడాలి" అంటే దాన్ని ఎక్కడా అతికించలేరు. "పరిహారం" అన్న మాట తర్వాత "ఫిర్యాదు అందిన 60 రోజుల్లోగా" అని చేర్చండి, అని రాస్తే ఒక సభ్యుడు దాన్ని ఉన్నది ఉన్నట్టు కమిటీలో చదవగలడు. లాయరు భాష రాకపోయినా పర్వాలేదు, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో స్పష్టంగా ఉంటే చాలు.

ఆ తర్వాత మీ అనుభవం, ఒకే పేరా. ఆ రైతు ఆరు పేజీల్లోంచి మేం ఉంచింది ఇంతే: విత్తనం ప్యాకెట్లు కొన్న రసీదు చేతిలో ఉంది, నారు పోసిన తేదీ రాసి ఉంది, ఫిర్యాదు చేశాక అధికారి పొలానికి వచ్చేసరికి చేను పీకేసే దశకు వచ్చింది. గడువు ఎందుకు కావాలో ఈ మూడు ముక్కలతోనే తెలిసిపోతుంది.

అలాంటి రసీదు ప్రతి, ఫోటో ఉంటే జత చేయండి. చివర పేరు, చిరునామా, ఫోన్ నెంబరు, సంతకం. మామూలుగా రెండు ప్రతులు అడుగుతారు. ప్రకటనలో ఉన్న గది నెంబరు, పార్లమెంటు అనెక్స్ చిరునామా అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఈమెయిల్ ఇస్తే దానికీ పంపండి, స్పీడ్ పోస్టు కూడా చేయండి, రసీదు దాచుకోండి.

నలుగురైదుగురు క్లాజుల మీద పట్టున్నవాళ్లు విడివిడిగా రాసిన కాగితాలకు ఉన్న బలం, ఒకే నమూనా మీద వెయ్యి సంతకాలకు ఉండదని నా నమ్మకం. సంఘం తరఫున పంపేటట్టయితే లెటర్‌హెడ్ మీద ఒకటి పంపి, అందులోనే ఎంతమంది సభ్యులో రాయండి.

6. పంపాక చేయకూడని పని

దయచేసి ఇది రెండుసార్లు చదవండి. మీరు పంపిన మెమొరాండం కమిటీ రికార్డులో భాగమవుతుంది, రహస్యంగా ఉంచాలి. దాన్ని బయటపెట్టడం సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందని ప్రకటనలోనే రాసి ఉంటుంది. "మేం పంపాం" అని ఉత్సాహంగా వాట్సాప్ గ్రూపుల్లో ఆ కాగితం ఫోటో పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి.

కమిటీ ముందు స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ కోరిక మెమొరాండంలోనే విడిగా రాయాలి. పిలవాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం.

7. కమిటీకి వెళ్లకపోతే, గడువు దాటిపోతే?

ఎంపీని పట్టుకోవడం ఒక దారి. మన ఎంపీయే అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది ఉన్నారు. ఆ కమిటీలో వీళ్లెవరైనా ఉన్నారేమో జాబితాలో చూడండి. కేంద్ర మంత్రిగా ఉన్నవారు ఈ స్టాండింగ్ కమిటీల్లో సభ్యులుగా ఉండరు. 2024లో గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్ర సహాయ మంత్రి అయ్యారు కాబట్టి, ఆయన మంత్రిగా ఉన్నంతకాలం గుంటూరు వాళ్లు కమిటీ పని కోసం ఇంకో ఎంపీని చూసుకోవాలి. ఎంపీకి ఇచ్చే కాగితం కూడా పైన చెప్పినట్టే, కొత్త వాక్యంతో ఉండాలి. ఎందుకంటే ఆయన సభలో సవరణ ప్రతిపాదించాలన్నా ఆ వాక్యమే కావాలి.

రెండో దారి సభకు పిటిషన్. ప్రవేశపెట్టిన బిల్లు మీద లోక్‌సభకు పిటిషన్ పెట్టుకోవచ్చు. ఇక్కడ తెలుగులో రాసినా తీసుకుంటారు, హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం సంతకంతో జత చేయాలి.

8. కమిటీ నివేదిక చదవడం

నివేదిక వచ్చిందంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. కమిటీ సిఫార్సులు సలహాలే. ముందుగా మీ క్లాజు నెంబరు వెతకండి. సెలెక్ట్, సంయుక్త కమిటీలైతే తాము సవరించిన బిల్లు మొత్తం వెనక జతచేస్తాయి. మార్చిన మాటల కింద గీత ఉంటుంది, తీసేసిన చోట నక్షత్రం గుర్తులుంటాయి. మీ మాట చేరిందో లేదో అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. కమిటీతో విభేదించిన సభ్యుల అసమ్మతి పత్రాలు కూడా చివర ఉంటాయి, వాటిని తప్పకుండా చదవండి. మీ క్లాజు గురించి గట్టి వాదన ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది.

9. సభలో ఓటింగు చూడడం

ఆ రోజు బిల్లు వస్తుందో లేదో సన్సద్ సైటులో ఆ రోజు కార్యక్రమాల జాబితాలో ఉంటుంది. సన్సద్ టీవీలో చూడొచ్చు. ముందు బిల్లు మీద మొత్తంగా చర్చ, తర్వాత క్లాజుల వారీగా ఓటు, చివరికి "బిల్లును ఆమోదించాలి" అన్న తీర్మానం. క్లాజుల ఓటు చాలా వేగంగా సాగుతుంది. మీ క్లాజు మీద సవరణ ఉంటే కన్నార్పకుండా చూడాలి.

మామూలుగా జరిగేది మూజువాణి ఓటు. ఔననేవాళ్లు, కాదనేవాళ్లు గొంతెత్తి చెప్తారు, స్పీకర్ ఫలితం ప్రకటిస్తారు. ఎవరు ఎటు అన్నారో పేర్ల లెక్క ఉండదు. మనవాళ్లకి దీని గురించి వేరే చెప్పాలా? 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర పునర్విభజన బిల్లు లోక్‌సభ దాటింది మూజువాణి ఓటుతోనే. ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయిన ఆ మధ్యాహ్నం, విజయవాడలో టీవీల ముందు కూర్చున్నవాళ్లకి ఎవరు ఎటు ఓటేశారో ఇప్పటికీ రికార్డులో దొరకదు.

స్పీకర్ ప్రకటనను సభ్యుడు సవాలు చేస్తే డివిజన్ జరుగుతుంది. లాబీలు ఖాళీ చేయిస్తారు, గంట మోగుతుంది, మూడున్నర నిమిషాల తర్వాత తలుపులు మూసి బటన్లతో ఓటేయిస్తారు. ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. బోర్డు మీద మొదట కనిపించే అంకె తుది లెక్క కాదు, బటన్‌తో ఓటు సరిగా పడనివాళ్లు కాగితం మీద రాసిచ్చే స్లిప్పులు కలిశాక మారుతుంది. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల రాజ్యాంగ సవరణ బిల్లు ప్రవేశపెట్టడం మీద ఓటింగు జరిగినప్పుడు బోర్డు మీద 220–149 కనిపించింది. స్లిప్పులు లెక్కపెట్టాక అది 269–198 అయింది.

ఆ రోజు "మూడింట రెండొంతులు రాలేదు, బిల్లు ఓడిపోయింది" అని చాలామంది నాకు ఫోన్లు చేశారు. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. మూడింట రెండొంతులు కావలసింది రాజ్యాంగ సవరణను ఆమోదించేటప్పుడు. ఓటేసినవాళ్లు 467 మంది అయితే అప్పుడు 312 కావాలి. అంతే కాదు, సభ మొత్తం సంఖ్యలో సగానికి పైగా, అంటే లోక్‌సభలో కనీసం 272, కూడా ఉండాలి. 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454–2 వచ్చింది, రెండు షరతులూ తీరాయి. లెక్క వేసుకునేటప్పుడు తటస్థులను కలపకండి.

10. చట్టం అయిందా? అమల్లోకి వచ్చిందా?

ఇవి రెండూ వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు గెజిట్‌లో ఉంటుంది. ఈగెజిట్‌లో అసాధారణ గెజిట్, భాగం 2, సెక్షన్ 1 తెరవండి. చట్టం నెంబరు, రాష్ట్రపతి ఆమోదించిన తేదీ కనిపిస్తే చట్టమైనట్టు. రెండోదానికి క్లాజు 1 మళ్లీ చదవండి. "కేంద్రం నోటిఫై చేసిన తేదీ నుంచి" అని ఉంటే అదే సైటులో భాగం 2, సెక్షన్ 3లో ఆ నోటిఫికేషన్ వెతకాలి. ఒక్కో సెక్షన్‌కి ఒక్కో తేదీ కూడా పెట్టొచ్చు.

ఆటోనగర్ వాళ్లకి ఇది అనుభవమే. మోటారు వాహనాల సవరణ బిల్లు 2016లో పెడితే, 2017లో లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగి, 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. జులైలో మళ్లీ కొత్తగా పెట్టి, రెండు సభలూ దాటించారు. ఆగస్టు 9న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. పెంచిన జరిమానాలున్న సెక్షన్లు సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి, మిగిలినవన్నీ ఆ రోజే రాలేదు. అక్కడికక్కడే కట్టే చలానా ఎంతో నిర్ణయించేది మళ్లీ రాష్ట్రం.

అమలు తేదీ దొరికాక రూల్స్ కోసం చూడండి. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. రూల్స్ ముసాయిదా 2025 జనవరిలో బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు, తుది రూల్స్ నవంబరులో వచ్చాయి. అంటే కమిటీ దగ్గర మీ మాట చెల్లకపోయినా, "నిర్దేశించిన విధంగా" అన్న చోట్ల రెండోసారి రాసే వీలు దొరకొచ్చు. మూడో మెట్టులో ఆ మాట కనిపించిన క్లాజులు పక్కన ఉంచుకుని, రూల్స్ ముసాయిదా గడువును కూడా అదే నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకోండి.